చెవిలో చెప్పిన ఆదాయం

ఆ రోజుల్లో నన్ను నమ్మే మనిషి అమీర్‌పేటలో గానీ పంజగుట్టలో గానీ ఒక్కరైనా ఉండేవారో లేదో చెప్పలేను. అందులో నా ప్రవర్తన లోపమేమీ లేదు, నా ఉద్యోగమే అటువంటిది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబ్, నీళ్ల సీసా బరువుకి ఒక పక్కకి ఒరిగిన సంచీ. ఈ వేషంలో ముక్కూ మొహం తెలియనివాళ్ల తలుపు కొట్టి, కూర్చోమంటే కూర్చుని, మంచినీళ్లిస్తే తాగి, "మీ ఇంటికి అందరిదీ కలిపి నెలకెంత వస్తుందండీ?" అని అడగాలి. సొంత అక్కచెల్లెళ్లు అడిగినా మాట మార్చే ప్రశ్న అది. అడగ్గానే అవతలి మనిషి కళ్లు ముందు నా కార్డు మీదికి, తర్వాత నా మొహం మీదికి, ఆ తర్వాత వీధి గుమ్మంలోకి పోయేవి, నా వెనక ఇంకెవరైనా వచ్చారేమోనని. ఒకాయన నన్ను ఇన్‌కంటాక్సు వాళ్లు పంపిన పిల్లననుకున్నాడు. ఒకావిడ చిట్టీలో చేర్చుకోవడానికి వచ్చాననుకుంది. మరొకావిడ, పాపం, నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, లోపలికి పోయి ఒక పాత చీర తెచ్చి చేతిలో పెట్టింది. (చీర బాగానే ఉంది. తీసుకోలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తుంది.)

ఇంట్లో పరిస్థితీ అంతే. మాది పంజగుట్టలో పెద్ద రోడ్డు వెనక సందు. నాన్న ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసేవాడు, అమ్మ చిన్న స్కూల్లో ఒకటో తరగతి టీచరు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివిన కూతురు ఏదో చల్లటి గదిలో కూర్చుంటుందని వాళ్లు ఆశపడ్డారు. నేను ఎండలో తిరిగి కమిలిపోయి ఇంటికొస్తే అమ్మ అన్నం పెడుతూ, "ఊరోళ్ల జీతాలు అడుగుడు సుత ఒక నౌకరేనా? మీ సారు గా లెక్కలు తీస్కపోయి ఎవలకిస్తడో ఎప్పుడన్న అడిగినవా?" అనేది. "జిల్లాల జనం బాగుపడుతున్నరా లేదా తెల్వాలంటే ఎవరో ఒకరు అడగాలె గదమ్మా" అంటే, "బాగుపడ్డోళ్లు చెప్తరా? బాగుపడనోళ్లు చెప్తరా?" అని ఒక్క మాటలో మా సంస్థ పునాదులు కదిలించేది. ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి నిలబడి, "మా పెద్దబిడ్డకు మంచి ఉద్యోగం దొరకాలె" అని చెప్పేది. నేను పక్కనే కూర్చుని, అప్పటికే ఉద్యోగం ఉన్న మొహంతో, ఆమేన్ అనేదాన్ని.

మా ఆఫీసు లక్డీకాపూల్‌లో ఒక హోటల్ పక్కన మేడ మీద ఉండేది. జిల్లాలో ఏ ప్రాంతంలో మామూలు కుటుంబం ఎంత సంపాదిస్తోంది, అది ఏటేటా పెరుగుతోందా తగ్గుతోందా అని అంచనా కట్టడం మా పని. అక్కడి పెద్దాయన కోస్తా మనిషి. చాటుగా మేం ఆయనకి పెట్టుకున్న పేరు మధ్యగతం సార్. "ఇళ్లన్నిటినీ తక్కువ ఆదాయం నుంచి ఎక్కువ ఆదాయం దాకా వరసలో నిలబెట్టండి. సరిగ్గా నడుమ నిలబడ్డ ఇల్లుంది చూశారూ, అదే మన ఇల్లు. దాని ఆదాయమే మధ్యగతం" అని కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ చెప్పేవాడు. సగటు అనే మాట ఆయనకి ఒంటికి పడేది కాదు. "ఒక కోటీశ్వరుడు వీధిలో ఇల్లు కొనుక్కుంటే వీధి సగటు పెరుగుతుందమ్మా. పక్కింటివాళ్ల గిన్నెలో పప్పు పెరుగుతుందా? నడిమింటివాడు మాత్రం ఎవరొచ్చినా, ఎవరు పోయినా అంత తొందరగా కదలడు." ఆటో ఎక్కినా ఆయన వెనక సీట్లో నడిమధ్యనే కూర్చునేవాడు, అటొకరు ఇటొకరు ఇరుక్కోవాల్సిందే. ఆయనకి మనుషుల గురించి కూడా ఒక సిద్ధాంతం ఉండేది. ఇళ్లకు వెళ్లమని పంపిన పిల్లల్లో సగం మంది ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ అంకెలు పుట్టిస్తారని. "అంకె గంతులేస్తే అనుమానించాలి. అసలు కదలకపోతే ఇంకా అనుమానించాలి" అనేవాడు. అంటే మా అంకెలు ఏం చేసినా మేం దొంగలమేనన్న మాట.

ఆదాయం మారిందో లేదో తెలియాలంటే ఏటా అవే ఇళ్లకు వెళ్లాలి. నా వంతుకి వచ్చినవాటిలో అమీర్‌పేట నుంచి బల్కంపేట వైపు పోయే దారిలో ఒక సందు ఉంది. ఆ సందుకి పెద్దదిక్కు ఒక ముసలమ్మ. ఒకప్పుడు వాళ్లకి బర్రెల కొట్టం ఉండేదట, అందుకని అందరికీ ఆమె బర్ల పెద్దమ్మ. కొట్టం ఉన్న చోట ఇప్పుడు కంప్యూటర్ కోచింగ్ సెంటరుంది. ("గప్పుడు గాడ బర్లుండె, ఇప్పుడు పోరగాండ్లున్నరు. ఇరుకుడు మాత్రం గంతనే" అనేది.) ఇంటి ముందు గదిలో కోడలు కర్రీ పాయింట్ నడుపుతుంది. పెద్దకొడుకు క్యాబ్ తిప్పుతాడు. పెళ్లికాని చిన్నకొడుకు కోచింగ్ పిల్లల నోట్సులకి జిరాక్సులు తీసే కొట్టు పెట్టాడు. పై అంతస్తు హాస్టల్‌కి అద్దెకిచ్చారు.

మొదటి ఏడు నేను గుమ్మంలో నిలబడగానే పెద్దమ్మ వెల్లుల్లి ఒలుస్తూ తలెత్తింది. "ఎవల బిడ్డవు?"

"సర్వేకి వచ్చిన పెద్దమ్మా."

"సర్వే అని అందరంటరు. ఏడుంటరు మీరు?"

"పంజగుట్టల."

"మీరు ఏమిటోళ్లు?"

కులం అడుగుతోందని తెలిసీ, "పంజగుట్టోళ్లమే" అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత కోడలి వైపు చూసి చిన్నగా తలాడించింది. కోడలు పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుని, ఎందుకో పక్కింటి వైపు గబగబా వెళ్లిపోయింది. నేనదేమీ పట్టించుకోకుండా ట్యాబ్ తెరిచి, ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్లందరూ ఒక కుటుంబం కింద లెక్క, మీ కుటుంబంలో ఎంతమంది అని అడిగాను. "గట్లయితే రాసుకో. మా పొయ్యి మీద వండింది సగం అమీర్‌పేట తింటది" అంది పెద్దమ్మ. ఆ చిక్కు విడదీశాక ఆదాయం అడిగాను. సాధారణంగా ఇక్కడే తలుపులు మూసుకుంటాయి. ఇక్కడ మాత్రం తెరుచుకున్నాయి. పెద్దమ్మ ముందు ఫ్రిజ్ తలుపు తెరిచి చూపించింది, తర్వాత బీరువా. ఏసీ వేసి, దాని కింద నన్ను కూర్చోబెట్టి, సర్వపిండి పెట్టింది. "చిన్నోడా, జర ఇటు రా" అని పిలిస్తే జిరాక్స్ అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ఎదురుగా కూర్చుని, తన మెషీన్ గంటకి ఎన్ని కాయితాలు తీస్తుందో చెప్పాడు. అన్నీ కలిపి నెలకి లక్ష దాటించారు. నేను కొడుతున్న ప్రతి అంకెనీ పెద్దమ్మ తొంగిచూసి, "ఇంకో సున్నా పెట్టినా తప్పులేదు" అంది. పక్కనున్న టైలర్ భాయ్ ఇంటికి పోతే అక్కడా అదే ధోరణి. ఆ మధ్యాహ్నం ఆ సందులో లేమి అనేది ఏ ఇంట్లోనూ కనపడలేదు. జనం ఇంత బాగుపడినందుకు నేను నిజంగానే సంతోషపడుతూ ఇంటికి పోయాను.

ఆ తర్వాత అటు పోయినప్పుడల్లా పెద్దమ్మ పిలిచి కూర్చోబెట్టేది. ఎండలో తిరిగి వచ్చిన పిల్లకి మంచినీళ్లివ్వకుండా పంపితే పాపమనేది. మోకాలి నొప్పి, పోయిన పెనిమిటి కోపం, ఏ బర్రె ఏ పేరుకి పలికేది, అన్నీ చెప్పేది. ఆదాయం ఒక్కటే నేను అడిగితే గానీ ఎత్తేది కాదు.

రెండో ఏడు వెళ్లేసరికి గాలి మారింది. ఈ సర్వే పింఛన్లు, రేషన్ కార్డులు కోసెయ్యడానికేనని సందంతా అనుకుంటున్నారు. పెద్దమ్మ ఇంట్లో ఫ్రిజ్ మీద పైనుంచి కిందిదాకా దుప్పటి కప్పి ఉంది. (దుప్పటి కింద నుంచి అది గుర్రుమంటూనే ఉంది. మేమిద్దరం వినపడనట్టు కూర్చున్నాం.) ఏసీ సంగతి అడిగితే "అది ఉత్త డబ్బా" అంది. జిరాక్స్ మిషన్ ఖరాబైందట. క్యాబ్ నడిచింది డీజిల్‌కే పోతోందట.

"మరి కర్రీ పాయింట్?"

"కూరలు ఎవలు తింటున్నరు బిడ్డా ఈ కాలంల? అందరు సన్నగయితున్నరు." సరిగ్గా ఆ మాటప్పుడే బయట వరసలో నిలబడ్డ ఒకడు, "అక్కా, పప్పు అయిపోయిందా?" అని అరిచాడు.

"అన్నీ కలిపి ఎంత పెద్దమ్మా?"

"పన్నెండు వేలు. గది సుత ఎక్కువనే చెప్పిన."

వాళ్లు చెప్పిందే రాయాలి, మన అనుమానం రాయకూడదన్నది మా ఆఫీసులో నియమం. రాసుకున్నాను. బయటికి వస్తుంటే కోడలు (నేను వదిన అనేదాన్ని) కూర పొట్లం కడుతూ నవ్వింది. "పోయినేడు నిన్ను చూసి మా అత్త ఏమనుకున్నదో ఎరికేనా? పెండ్లిపిల్లనే సొంతంగ సంబంధం చూస్కునెతందుకు వచ్చిందనుకున్నది. సందు ఇజ్జత్ అని నన్ను ఇల్లిల్లు తిప్పింది, అందరు మంచిగ చెప్పుండ్రి అని."

నాకు చెవులు వేడెక్కాయి. "మరి... జిరాక్స్ అన్న?"

"ఆయన ఫికర్ వద్దు. వచ్చే నెలల పెండ్లి. నువ్వు సుత రావాలె."

ఇప్పటి పిల్లలైతే అక్కడికక్కడే ఆఫీసుకి ఫోన్ చేసి సంగతి చెప్పేవారు. నేను సిగ్గుపడి ఊరుకున్నాను. వారం తిరక్కుండానే మధ్యగతం సార్ పిలిచాడు. గోడ మీది తెరపై జిల్లా గీత నెమ్మదిగా పైకి పాకుతోంది. అమీర్‌పేట గీత మాత్రం ఒక ఏడు ఆకాశంలో ఉండి, మరుసటి ఏడు నూతిలో పడ్డట్టు నిటారుగా దిగిపోయింది.

"ఏంటమ్మా ఇది? ఏడాదిలో అక్కడేమైనా భూకంపం వచ్చిందా?"

"వాళ్లు చెప్పిందే రాశాను సార్."

"పోయినేడు కూడా వాళ్లు చెప్పిందేనా?"

"అవును సార్."

"అయితే ఒక ఏడాది అబద్ధం అయ్యుండాలి. ఏదో నువ్వే చెప్పు."

"రెండూ అయ్యుండొచ్చు సార్" అన్నాను. నిజం చెప్పడానికి అది సమయం కాదని ఆయన మొహం చూశాక తెలిసింది. మా ట్యాబ్‌లో మేం ఎక్కడున్నామో గుర్తించే ఏర్పాటొకటి ఉండేది. ఆ ఇరుకు సందులో దానికి దిక్కు తెలియక ఆ పూటంతా నన్ను మెట్రో పట్టాల మీద చూపించింది. సార్ ఆ చుక్క మీద వేలు పెట్టి, "ఇక్కడ కూర్చుని అడిగావా?" అన్నాడు.

నాకు చెప్పకుండా ఆయన విచారణకి ఒక మనిషిని పంపాడు. ఎక్కడో సర్కారు కొలువు చేసి రిటైరైన పెద్దమనిషి. ఎండయినా వానయినా, ఆఖరికి మెట్రో లోపలైనా చేతిలో గొడుగు ఉండాల్సిందే గనక మాకు ఆయన గొడుగు సార్. రెండు రోజుల తర్వాత నన్ను పిలిచేటప్పటికి గొడుగు సార్ మధ్యగతం సార్ పక్కన కూర్చుని, గొడుగు కొసని నేలకి ఆనించి, తీర్పు చదివేవాడిలా గొంతు సవరించుకున్నాడు. "సందు ఈ చివర నుంచి ఆ చివరి దాకా విచారించానండీ. ఇటువంటి అమ్మాయి ఎవరూ ఏ ఏడాదీ అక్కడికి రాలేదని ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట. ఒక ముసలావిడైతే ఒట్టు పెట్టి మరీ చెప్పింది."

ముందు గొడుగు సార్‌ని అనుమానించాను, అసలు వెళ్లకుండానే వచ్చి చెబుతున్నాడని. తర్వాత సందులోవాళ్లని, పింఛను భయంతో నన్ను తెలియనట్టు నటించారని. చిట్టచివరికి నన్ను నేనే అనుమానించుకున్నాను, రెండేళ్లూ వేరే సందుకి పోయానేమోనని. మధ్యగతం సార్ మాత్రం కోపంగా కూడా లేడు, అదే ఎక్కువ భయం వేసింది. "రేపటి నుంచి రానక్కర్లేదమ్మా" అన్నాడు, చాయ్ వద్దన్నంత మెల్లగా. నాకు ఇల్లు గుర్తొచ్చింది. నాన్నకి ఆ ఏడే షుగరు బయటపడింది, తమ్ముడి ఇంజనీరింగు ఫీజు సగం నా జీతమే. అంతకన్నా, తప్పుడు లెక్కలు రాసిందని పిల్లని తీసేశారన్న మాట పంజగుట్ట సందులో ఎంత తొందరగా పాకుతుందో నాకు తెలుసు.

"మీరొక్కసారి నాతో రండి సార్. నేనెవరో తెలీదని వాళ్లు నా మొహం మీద అంటే నేనే మానేస్తాను" అన్నాను. ఏడుపు ఆపుకోవడంతో అది బెదిరించినట్టు వినపడింది. ఆయన కాసేపు గీత వంక, కాసేపు నా వంక చూసి, లేచి చొక్కా సర్దుకున్నాడు. పరీక్షించి చూడమంటే కాదనలేడు, అది ఆయన బలహీనత.

ముగ్గురం మెట్రో ఎక్కాం. సార్ పెట్టె నడిమధ్యన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు, గొడుగు సార్ నేను పారిపోతానేమోనని తలుపు దగ్గర కాపలా కాశాడు. అమీర్‌పేటలో దిగి రోడ్డు మీదికి రాగానే కోచింగ్ సెంటర్ల కుర్రాళ్లు కరపత్రాలతో చుట్టుముట్టారు. నాకూ సార్‌కీ తలా ఒకటి ఇచ్చారు. గొడుగు సార్ వంక చూసి ఆగి, ఆయనకి ఇవ్వకుండానే ముందుకి పోయారు. ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

సందు మొదట్లో అడుగు పెట్టామో లేదో, కర్రీ పాయింట్ దగ్గర నుంచి వదిన కేక వినపడింది. "అత్తా! ఆగో, గీ ముసలోడే! మళ్ల వచ్చిండు!"

ఆ తర్వాత జరిగింది నేను వరసగా చెప్పలేను, అంత తొందరగా జరిగింది. ఒక్కో గుమ్మం నుంచి ఒక్కో ఆడమనిషి బయటికొచ్చింది. ఒకరి చేతిలో చీపురు, ఇంకొకరి చేతిలో తడిబట్ట. పెద్దమ్మ కోడలి చేతిలోని గరిటె లాక్కుని ముందుకొచ్చి, నన్ను చెయ్యి పట్టి తన వెనక్కి లాక్కుంది. గొడుగు సార్ గొడుగు తెరిచి అడ్డం పెట్టుకున్నాడు. అది చూసి వాళ్లకి అనుమానం ఇంకా గట్టిపడింది.

"నేను అధికారికంగా విచారణకి..." అన్నాడు గొడుగు చాటు నుంచి.

"ఏం విచారణ?" అంది పెద్దమ్మ. "ఒక పిల్ల వస్తదా, ఎట్లుంటది, ఒక్కతే వస్తదా, ఎంతసేపు కూసుంటది, ఏ దిక్కు పోతది అని అడుగుతివి. గిట్ల అడిగెటోన్ని ఏమనుకోవాలె? ఆడపిల్ల వెంబడి పడ్డ మనిషికి పిల్ల జాడ చెప్తమా? అందుకనే ఏ పిల్ల రాలేదని సందు సందంత ఒక్క మాట మీద నిలబడ్డం. నేనయితే ఎల్లమ్మ మీద ఒట్టు సుత పెట్టిన."

నేను ఆమె భుజం వెనక నుంచి మధ్యగతం సార్ మొహం చూశాను. పెద్దమ్మ అప్పుడే ఆయన్ని చూసినట్టు, "నువ్వెవలు? వీని తమ్మునివా?" అంది.

"ఆయన మా సార్ పెద్దమ్మా. నేను ఇక్కడికి రాలేదని నా ఉద్యోగం తీసేస్తుండు" అన్నాను.

సార్ ఒక అడుగు ముందుకేసి, మర్యాదగా, "ఈ అమ్మాయి మీ ఇంటికి వచ్చిందా అమ్మా?" అని అడిగాడు. ఆడవాళ్లందరూ ఆయనకి జవాబు చెప్పకుండా నా వంక చూశారు, చెప్పాలా వద్దా అని. నేను తలూపాను. "వచ్చింది" అన్నారు అందరూ ఒకేసారి.

"ఆ అమ్మాయి తలూపితే వచ్చింది అంటున్నారు" అన్నాడు సార్, అనుమానం వదలక.

పెద్దమ్మకి అది తగలరాని చోట తగిలింది. "ఎట్లొచ్చిందో చెప్పాల్నా? మొదటేడు పసుప్పచ్చ అంగీ తొడుక్కొని వచ్చింది. సర్వపిండి పెడితె కారమెక్కువైందని కండ్లల్ల నీళ్లు పెట్టుకుంట తిన్నది గని వద్దనలే. మా ఇంట్ల ఫాన్లు ఎన్ని, పొయ్యిలెన్ని అని అడిగింది. రెండో ఏడు ఫ్రిజ్ మీద దుప్పటి చూసి నవ్వొస్తె పెదవి కొరుక్కున్నది. చూడలేదనుకున్నదేమో, నేను చూసిన. ఇంక చెప్పాల్నా?"

"చాలమ్మా, నమ్ముతున్నాను" అన్నాడు సార్. "మరి వచ్చినప్పుడు మొదటేడు లక్ష అనీ, రెండో ఏడు పన్నెండు వేలనీ ఎందుకు చెప్పారు?"

గరిటె కిందికి దిగింది. పెద్దమ్మ కోడలి వంక చూసింది, కోడలు చింతపండు గిన్నె వంక చూసింది. పక్కింటి గుమ్మంలో టైలర్ భాయ్ మెల్లగా లోపలికి జారుకున్నాడు. "మొదటేడు పెండ్లి, రెండో ఏడు పింఛను" అంది చివరికి పెద్దమ్మ. "నిజం ఏ ఏడు అడిగిండ్రని?" పింఛన్లతో మాకు సంబంధం లేదనీ, ఎవరి పేరూ ఎక్కడా బయటికి రాదనీ, నడిమింటి లెక్క ఒక్కటే కావాలనీ సార్ చెప్పుకొచ్చాడు. పెద్దమ్మ అంతా విని, "నీకు చెప్ప. పిల్లకు చెప్త" అని నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. వెనకే వస్తున్న కోడలిని కూడా, "నువ్వు కూర చూస్కో పో" అని పంపించి తలుపు వేసింది.

ఆ గదిలో ఫ్రిజ్ మీద దుప్పటి ఇంకా అలాగే ఉంది. పెద్దమ్మ నా తల దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది. హాస్టల్ అద్దె, అందులో కోడలికి తెలిసింది ఎంత, తెలియనిది ఎంత, పెద్దకొడుకు ఇచ్చేది, చిన్నోడు ఇస్తానని ఇవ్వనిది. ఆమె ఊపిరికి వెల్లుల్లి వాసన. మొదటేడు చెప్పిన దాంట్లో సగానికి కాస్త తక్కువ తేలింది. "ఇది నా కొడుకులకు సుత చెప్పలే" అంది. నేను ట్యాబ్‌లో కొట్టుకున్నాను. ఆ తర్వాత ఒక్కొక్క ఇల్లూ అలాగే. తలుపు వేసుకోవడం, గుసగుస, తలుపు తియ్యడం. టైలర్ భాయ్ మాత్రం చెవిలో చెప్పడం బాగుండదని వేళ్లతో చూపించాడు. బయట ఎండలో మధ్యగతం సార్, గొడుగు సార్ ఒకే గొడుగు కింద నిలబడి ఉన్నారు.

అన్నీ అయ్యాక పెద్దమ్మ ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. సార్ గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే, "మరి నీకెంతొస్తది సారూ?" అంది.

ఆయన కళ్లు ముందు గొడుగు సార్ వైపు, తర్వాత నా వైపు, ఆ తర్వాత సందు చివరికి పోయాయి. రెండేళ్లుగా ప్రతి గుమ్మంలోనూ చూసిన చూపే అది. "ఏదోనమ్మా... పిల్లల చదువులకే సరిపోవడం లేదు" అన్నాడు. (సార్‌కి అప్పటికింకా పెళ్లి కాలేదు.)

తిరిగి వస్తున్నప్పుడు మెట్రో మెట్ల మీద సార్, "రేపు మామూలుగా వచ్చెయ్" అన్నాడు. అమీర్‌పేట గీత దిద్దుకుంది. జిల్లా మధ్యగతం అయితే ఇంత గొడవకీ కనీసం ఉలిక్కిపడలేదు. ఒక సందు లక్షలకి ఎగిరినా పాతాళంలో పడినా నడిమిల్లు నడుమే ఉంది. దానికి సార్ తన బిడ్డ ఫస్టు మార్కు తెచ్చుకున్నంత మురిసిపోయి ఆఫీసంతా చూపించాడు. గొడుగు సార్ మళ్లీ విచారణలకి ఒప్పుకోలేదు.

మూడో ఏడు వెళ్లినప్పుడు ఫ్రిజ్ మీద దుప్పటి లేదు. లెక్క చెప్పడం అయ్యాక పెద్దమ్మ, "మరి నీకు పెంచిండ్రా?" అని అడిగింది. పెంచారు, కానీ అది నోటితో చెప్పుకునేంత కాదు. అయినా ఎందుకో, ఆమె మొహంలోని ఆశ చూసి, అసలు జీతం మీద ఇంకో సగం కలిపి చెప్పేశాను. "సబాష్!" అని వీపు తట్టి, వీధిలోకి పోయి అందరికీ చెప్పింది. ఇంటికి కూర తీసుకుపోదామని వదిన దగ్గర పర్సు తీస్తే పెద్దమ్మ వెనక నుంచి, "దాని దగ్గర తీస్కోకు" అంది. వదిన చుట్టాలకైనా ఒక్క రూపాయి వదిలే మనిషి కాదు. ఆ పూట మాత్రం రెండు పొట్లాలు కట్టి, మాట్లాడకుండా నా సంచిలో పెట్టింది. నా జీతం పెరిగిన సంతోషం కొద్దీ ఇచ్చారనుకుని, గర్వంగా, పంజగుట్ట దాకా నడిచే పోయాను.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. బిల్డర్‌కి ఇచ్చి వాళ్లెక్కడో దూరంగా ఫ్లాటులోకి మారారని విన్నాను. నా చేతి కింద కొత్త పిల్లలు ఎండలో తిరుగుతున్నారు. మొన్న వాళ్లలో ఒక పిల్ల నాతో టిఫిన్ తింటూ, ఇంట్లో అంతా బ్రహ్మాండంగా ఉంది మేడమ్, మొన్నే స్కూటీ కూడా కొందామనుకున్నాం అని గడగడా చెబుతుంటే, వింటూ వింటూనే ఆ పిల్ల టిఫిన్ డబ్బులు కౌంటర్‌లో నేనే ఇచ్చేశాను. చిల్లర తీసుకుంటూ అక్కడే ఆగిపోయాను. పెద్దమ్మ ఆ రోజు నా జీతాన్ని ఒక్క క్షణం కూడా నమ్మలేదని, ఇన్నేళ్లకి, ఒక టిఫిన్ సెంటర్ కౌంటర్ దగ్గర నిలబడి తెలుసుకున్నాను. కౌంటర్‌లో ఉన్నతను ఏం మేడమ్, చిల్లర తక్కువైందా అని అడిగాడు. లేదు బాబూ, సరిగ్గానే ఉంది అని నవ్వుతూ బయటికొచ్చాను.